మేడ మీద గది, 12×10 అడుగులు: ఇల్లు దొరికేదాకా ఉండే పిల్లుల కోసం ఎలా అమర్చాలి?

#1 · పాలకొల్లు_మేడగది
అందరికీ నమస్కారమండి. దత్తత వెళ్ళేదాకా పిల్లుల్ని ఉంచడానికి మేడ మీద ఒక ఫోస్టర్ గది సిద్ధం చేయాలి. 12×10 అడుగులు, పదడుగుల ఎత్తు. స్లాబు, దాని పైన ఇంకేం లేదు. ఉత్తరాన, తూర్పున ఒక్కో కిటికీ, నిలువు ఊచలు, ఊచకీ ఊచకీ మధ్య నాలుగంగుళాల సందు. ఆనుకుని బాత్‌రూము. నేల పాత సిమెంటు గచ్చు, రెండుచోట్ల పగిలింది. సీలింగ్ ఫ్యాను ఉంది. ఒకసారికి తల్లీ నాలుగు కూనలూ గానీ, మూడు పెద్ద పిల్లులు గానీ ఉంటాయి. అవి హాయిగా ఆడుకోవాలి, కడగడం మనకి తేలికవ్వాలి. ఎక్కడ మొదలెట్టాలండీ?

#2 · టీకాసూది
బొమ్మలూ అరలూ తరవాత. ముందు ఒక నియమం పెట్టుకోండి. గదిలోకి వెళ్ళే ప్రతి వస్తువూ బ్లీచింగ్ నీళ్ళతో కడిగితే శుభ్రమయ్యేదైనా అవ్వాలి, పారేస్తే బాధ లేనంత చవకదైనా అవ్వాలి. ఈ రెండిటికీ మధ్యరకం సామాను లోపలికి రానివ్వకండి.

కారణం ఏమిటంటే, ఇంట్లో పెంచుకునే పిల్లి గది వేరు, ఈ గది వేరు. ఇక్కడికి వచ్చేవి మారిపోతూ ఉంటాయి. పాన్‌ల్యూకోపీనియా (పిల్లుల పార్వో అంటారు) వైరస్ గదిలో ఏడాది దాకా బతికి ఉండగలదు. కూనలకి సోకితే రెండుమూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తామర కలిగించే ఫంగస్ బీజాలు ఏడాదిన్నర దాకా ఉంటాయి. మన తేమకి తామర మామూలు ఊళ్ళ కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పాలిష్ లేని చెక్క, దూది పరుపు, సోఫా, తివాచీ... వీటి లోపలికి దిగినదాన్ని కడిగి తీయలేం. బజార్లో దొరికే బొచ్చుగుడ్డ చుట్టిన పిల్లి చెట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఫోస్టర్ గదికి మాత్రం అది పనికిరాదు. ఒక్క కూనకి తామర వస్తే అంత డబ్బు పోసిన వస్తువూ తగలెయ్యాల్సిందే.

మన గోదావరి డెల్టాలో ఉన్న సుఖం ఏమిటంటే పారేసే రకం సామాను మనకి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. పీచు తాడు, వెదురు గంప, అట్టపెట్టె, పాత నేతచీర. ఆటకి అవి చాలు. కదలని వాటికి మాత్రం గట్టి ప్లాస్టిక్కు, స్టీలు, టైలు, ఆయిల్ పెయింటు వాడండి.

#3 · సరుగుడుకర్ర
టీకాసూది గారి మాటకి కట్టుబడితే మొదటి పని నేలండి. పగిలిన గచ్చులోకి ఉచ్చ దిగిందంటే పైన ఏం పోసి కడిగినా వాసన మళ్ళీ లేస్తుంది. పగుళ్ళని సన్న ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము పూర్తిగా దులిపి, సిమెంటు ఒక పాలు, జల్లించిన సన్న ఇసుక రెండు పాళ్ళు కలిపి కూరండి. వారం తడపాలి, ఆ తరవాత ఇంకో వారం ఆరనివ్వాలి. తడి ఆరకుండా పైన షీటు పరిస్తే కింద బూజు పడుతుంది.

టైలు వేయించే ఉద్దేశం లేకపోతే వినైల్ షీటు పరచండి. నాలుగువైపులా గోడ మీదకి నాలుగేసి అంగుళాలు మడవాలి, కాబట్టి 12×10 గదికి పన్నెండు అడుగుల ఎనిమిది అంగుళాలు, పది అడుగుల ఎనిమిది అంగుళాలు లెక్క. ఆరడుగుల రోలు దొరికితే రెండు బారలు పడతాయి, ఒక అతుకు తప్పదు. ఆ అతుకు లిట్టర్ ట్రేల (పిల్లులు మలమూత్రాలకి వాడే ట్రేల) కిందకీ తలుపు ముందుకీ రాకుండా చూసుకుని సిలికాన్‌తో మూయండి. మడిచిన అంచుని గోడకి అతికించేటప్పుడు మూలల్లో కోసి వదిలెయ్యకండి, ఉచ్చ పోయేది అక్కడికే. గోడలకి నేలనుంచి నాలుగడుగుల ఎత్తు ఆయిల్ పెయింటు రెండు కోట్లు. మగపిల్లి చిమ్మేది ఆ ఎత్తు దాటదు.

సీలింగ్ ఫ్యాను తీయించెయ్యండి. పై అర మీంచి రెక్కల వైపు దూకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గోడకి బిగించే ఫ్యాను, ముందు సన్న జాలీ ఉన్నది పెట్టించి, వైరంతా కేసింగ్ పట్టీలో నడపండి. కూనలు పళ్ళొచ్చే వయసులో తీగలు కొరుకుతాయి. స్విచ్ బోర్డు కింద ఉంటే అక్కడి ప్లగ్గులకి మూతలు పెట్టాలి.

ఇక తలుపు. మేడ మెట్ల దగ్గర మూడడుగులు పొడవు, మూడడుగులు వెడల్పు చోటు ఉన్నా చాలు, దానికి ఇంకో జాలీ తలుపు పెట్టండి. ఆ తలుపు మూసుకున్నాకే గది తలుపు తియ్యాలి. పారిపోయే పిల్లి దాదాపు ఎప్పుడూ మనిషి కాళ్ళ మధ్యనుంచే పారిపోతుంది. రెండు తలుపులకీ వాటంతటవే మూసుకునే స్ప్రింగులుండాలి. తలుపు కింది సందు ఒక అంగుళం మించితే రబ్బరు పట్టీ కొట్టండి. మేడ మీదే కదా అనుకోకండి, ఎలక వెంట పాము మేడ ఎక్కడం మనవైపు వింత కాదు.

#4 · ఉప్పుగాలి
కిటికీల సంగతి. నాలుగంగుళాల సందులోంచి పెద్ద పిల్లి కూడా దూరిపోతుంది, కూన అయితే రెండంగుళాలు చాలు. కాబట్టి ఊచల బయటవైపు అర అంగుళం గళ్ళ వెల్డెడ్ మెష్ కొట్టాలి. లోపలివైపు దోమల జాలీ స్టీలుది. నైలాను దోమజాలీ గోళ్ళకి వారం ఆగదు, మధ్యలో చిరిగిన చోట తల ఇరుక్కుంటుంది.

పాలకొల్లు నుంచి సముద్రం దగ్గరే కాబట్టి మామూలు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) మెష్‌కి వెల్డు పడిన చోట మూడు వానాకాలాల్లోపే తుప్పు మొదలవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఇంకా తొందర. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి, ఖరీదు ఎక్కువైనా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. మేకులూ స్క్రూలూ కూడా స్టీలువే వాడాలి. స్టీలు మెష్‌కి ఇనప మేకు కొడితే ముందు మేకు తుప్పుపట్టి మెష్ ఊడుతుంది. ఫ్రేముకి ఆరంగుళాలకో స్క్రూ, దాని కింద వెడల్పు వాషరు.

కింద బాత్‌రూము నీళ్ళు పోయే కన్నానికి స్టీలు జాలీ, పైన వెంటిలేటరుకి కూడా అదే మెష్. చాలామంది మర్చిపోయేది ఆ వెంటిలేటరే.

#5 · కాలువగట్టు
చేపల వల రెండు పొరలు కట్టేస్తే సరిపోదా అండీ? నర్సాపురంలో పాతది దొరుకుతుంది.

#6 · ఉప్పుగాలి
వద్దండి. సన్న నైలాను తీగ వల కాలికి బిగుసుకుంటే గింజుకున్నకొద్దీ కోసుకుపోతుంది. చెరువుల మీద పక్షుల కోసం కట్టే వల కూడా అంతే. పెద్ద పిల్లులున్నప్పుడు మేడ వరండాకి లావు దారం ముడుల క్రికెట్ వల కట్టొచ్చు, అదీ నాలుగువైపులా స్టీలు తీగ మీదకి లాగి బిగిస్తేనే. కూనలున్న గదికి ఏ వలా పనికిరాదు.

#7 · పీచుతాడు
గోళ్ళు గీరుకునే స్తంభం ఎలా చెయ్యాలో చెబుతాను, అంబాజీపేట వైపు తాడుకి కొదవ లేదు. నాలుగంగుళాల పీవీసీ పైపు (బయటి కొలత 110 మిల్లీమీటర్లు) మూడడుగుల ముక్క తీసుకోండి. పిల్లి ముందుకాళ్ళు పూర్తిగా చాచి సాగాలి, అందుకే మూడడుగులు. పొట్టి స్తంభాన్ని ఒకసారి వాసన చూసి వదిలేసి తలుపు చట్రం గీరడం మొదలెడతాయి. అడుగున 18×18 అంగుళాల ప్లైవుడ్డు, మందం 18 మిల్లీమీటర్లు. ప్లైవుడ్డుకి పైపు లోపల పట్టే గుండ్రటి చెక్క దిమ్మ బిగించి, దాని మీద పైపు తొడిగి, పక్కనుంచి నాలుగు స్క్రూలు. పైపులో మూడొంతుల దాకా పొడి ఇసుక పోసి మూత వేస్తే పిల్లి ఎగిరి పట్టుకున్నా పడదు. ఊగే స్తంభాన్ని ఒకసారి భయపడిన పిల్లి మళ్ళీ ముట్టుకోదు.

పీవీసీ నున్నగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే తాడు చుట్టలన్నీ కిందికి జారతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల పీచు తాడు, రెండడుగుల ఎత్తు చుట్టడానికి 26 మీటర్లు పడుతుంది. మొదటి చుట్టా చివరి చుట్టా స్క్రూ, వాషరుతో బిగించి, పది చుట్టలకి ఒకసారి ఫెవికాల్. స్టేపుల్ పిన్నులు మాత్రం వద్దు, ఊడితే మింగుతాయి.

#8 · సరుగుడుకర్ర
అన్నీ బాగున్నాయండి, తాడు లెక్క ఒక్కటే సరిచూసుకోండి. పైపు చుట్టుకొలత 34.5 సెంటీమీటర్లు నిజమే, కానీ తాడు మందం కూడా కలపాలి. తాడు నడిమినుంచి కొలిస్తే చుట్టకి 37 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల ఎత్తుకి 75 చుట్టలు, అంటే 28 మీటర్లకి కొంచెం తక్కువ. 30 కొనండి. నడుమలో తాడు చాలకపోతే వేసే ముడినే పిల్లి పట్టుకుని పీకుతుంది.

#9 · పీచుతాడు
ఆయ్, నిజమేనండి. 30 మీటర్లే తీసుకోండి. పైపు కడిగి ఉంచుకుంటే తాడు మాత్రం ప్రతి బ్యాచ్ తరవాతా మార్చొచ్చు. టీకాసూది గారు చెప్పిన నియమం ఇక్కడ చక్కగా కుదురుతుంది.

కొన్ని పిల్లులు నిలువుగా గీరవు, అడ్డంగా గీరతాయి. వాటికి రెండడుగుల పీచు పట్టా ముక్క నేల మీద, కింద జారకుండా రబ్బరు షీటు. ఎండిన కొబ్బరి మట్ట మొదలు కూడా గీరడానికి బాగుంటుంది గానీ అంచులు కత్తిలా ఉంటాయి, రెండువైపులా చెక్కి నున్నగా చేస్తేనే పెట్టండి.

#10 · పాలకొల్లు_మేడగది
చాలా ఉపయోగపడిందండి. గోడ మీద అరలు ఎంత ఎత్తులో ఉండాలి? లిట్టర్‌కి బజారు రకం నెలనెలా కొనాలా, మన దగ్గర దొరికే ఊక, ఇసుక, పొట్టు పనికొస్తాయా?

#11 · సరుగుడుకర్ర
అర పలక పది అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు. ఒకదాని మీదికి ఒకటి పన్నెండు నుంచి పదిహేను అంగుళాల ఎడం, మెట్లలాగా పక్కకి జరిగి ఉండాలి. అన్నిటికన్నా పైది ఐదడుగులు దాటనక్కర్లేదు, దాటితే భయపడిన పిల్లిని దించడానికి స్టూలెక్కాలి. పలకకి రెండు ఎల్ బ్రాకెట్లు, ఒక్కో బ్రాకెట్టు గోడ వైపు రెండు స్క్రూలు: ఎనిమిది నంబరు బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గు, రెండంగుళాల స్క్రూ. ప్లగ్గు ఇటికలో దిగాలి, ఇటికల మధ్య సున్నంలో దిగితే నెల తిరక్కుండా ఊడుతుంది. డ్రిల్లు చేసేటప్పుడు ఎర్ర పొడి వస్తే ఇటిక, తెల్ల పొడి వస్తే ఇంకోచోట వెయ్యండి. పాత మట్టి గోడలైతే అరల జోలికే పోకండి, నేల మీద నిలబడే ఇనప రాక్కు మేలు.

పలకలకి రెండువైపులా, అంచులకి కూడా ఆయిల్ పెయింటు. పైన జారకుండా పీచు పట్టా ముక్క వెల్క్రోతో అంటించండి, ఊడదీసి పారెయ్యొచ్చు.

తల్లీ కూనలూ ఉన్నప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. కూనలకి అందని అర ఒకటి, మూడడుగుల ఎత్తున, తల్లికి విడిగా ఉండాలి. నాలుగో వారం దాటాక కూనలు పాల కోసం వదలవు, తల్లి తప్పించుకోడానికి చోటు లేకపోతే వాటిని కొడుతుంది. ఆ అరకి కింద మెట్ల పలకలు తీసేసే ఏర్పాటు ఉండాలి.

#12 · పీచుతాడు
లిట్టర్ సంగతి. ఒక్కొక్కటే చూద్దాం.

ఊక వద్దు. అది తడిని పీల్చదు. ఉచ్చ అడుగుకి దిగి నిలుస్తుంది, పైన ఊక పొడిగా కనిపిస్తుంది, మనం ట్రే బాగుందనుకుంటాం. ఫ్యాను వేస్తే గదంతా ఎగురుతుంది. తవుడు అసలే వద్దు, చీమలూ పురుగులూ పడతాయి.

గోదారి ఇసుక పిల్లులకి చాలా ఇష్టం, తవ్వడం తేలిక. కానీ పీల్చదు, బరువు, మేడ మీదికి మోయాలి. బయటినుంచి వచ్చిన పిల్లి ట్రే అలవాటు పడకపోతే మొదటి వారం ఇసుక వేసి, తరవాత రోజూ కొంచెం కొంచెం కొబ్బరి పొట్టు కలుపుతూ మార్చండి. అక్కడ ఇసుకని మించింది లేదు.

కొబ్బరి పొట్టు మన దగ్గర అన్నిటికన్నా మంచిది. పీచు తీసే మిల్లుల దగ్గర గుట్టలుగా ఉంటుంది. తన బరువుకి ఎన్నో రెట్లు తడి పీలుస్తుంది, వాసన పట్టి ఉంచుతుంది. తెచ్చిన పొట్టుని అలాగే పొయ్యకండి. ఒకసారి నీళ్ళలో నానబెట్టి పిండితే ఎర్రటి రంగు పోతుంది, లేకపోతే తెల్ల పిల్లి పాదాలూ మీ నేలా టీ రంగుకి తిరుగుతాయి. రెండు మంచి ఎండలు ఎండబెట్టి, సన్న జల్లెడలో దుమ్ము దులపండి. మొక్కల కోసం అమ్మే ఐదు కేజీల దిమ్మ తడిపితే దగ్గరదగ్గర 70 లీటర్ల పొట్టు అవుతుంది, ఎరువు కలపనిది చూసి కొనాలి. దాన్నీ ఎండబెట్టే వాడాలి. ట్రేలో రెండంగుళాలు పొయ్యండి. వేసవిలో నాలుగు రోజులు, వానల్లో రెండు రోజులకే పూర్తిగా మార్చాలి, తడి పొట్టుకి తెల్ల బూజు వస్తుంది. జూన్ రాకముందే ఎండినది మూత గట్టి డ్రమ్ముల్లో రెండు నెలలకి సరిపడా నిల్వ చేసుకోండి. వానల్లో ఎండబెట్టలేరు.

గడ్డకట్టే బజారు రకం రెండు నెలల లోపు కూనలకి వెయ్యకూడదు, నోట పెట్టుకుంటాయి, కడుపులో ఉబ్బుతుంది. ఆపరేషనైన పిల్లికి కుట్లు మానేదాకా చింపిన కాగితం ముక్కలే.

ట్రే పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆక్వా, కూరగాయల వాళ్ళు వాడే కన్నాలు లేని ప్లాస్టిక్ ట్రే సరిగ్గా పడుతుంది, కూనలకి ఒకవైపు అంచు రెండంగుళాలకి కోసి గరుకు పోయేలా రుద్దాలి. పిల్లులెన్నో దానికి ఒకటి ఎక్కువ ట్రేలు. అన్నీ ఒకే మూల పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే ట్రే, పెత్తనం చేసే పిల్లి ఆ మూలకి ఎవర్నీ రానివ్వదు.

#13 · టీకాసూది
తీసిన పెంటని ఎక్కడ వెయ్యాలో కూడా చెప్పుకోవాలి. కాలువలో గానీ చెరువులో గానీ కూరమడుల్లో గానీ వెయ్యకండి. టాక్సోప్లాస్మా (పిల్లి పెంటలోంచి మనుషులకి సోకే పరాన్నజీవి) గుడ్లు నీళ్ళలోనూ మట్టిలోనూ నెలల తరబడి ఉంటాయి. బావికీ కాలువకీ దూరంగా, అడుగున్నర లోతు గోతిలో పూడ్చండి. ఆ గుడ్లు సోకే స్థితికి రావడానికి బయటపడ్డాక కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి రోజుకి రెండుసార్లు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. గర్భిణులు ట్రే ముట్టుకోవద్దు.

#14 · కాలువగట్టు
కడగడానికి ఫినాయిలు వాడుతున్నాం, వాసన బాగా పోతోంది. పర్వాలేదా?

#15 · టీకాసూది
ఆపెయ్యండి, ఈరోజే. నల్ల ఫినాయిలు, తెల్ల ఫినాయిలు, నీళ్ళలో తెల్లగా మారే క్రిమినాశినులు పిల్లులకి విషం. ఫినాల్ జాతి పదార్థాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అది నేల నాకదు, కానీ నేల మీద నడిచిన పాదాన్ని నాకుతుంది.

దాని బదులు ఇలా చెయ్యండి. ముందు మామూలు సబ్బు నీళ్ళతో మలమూత్రాల మరకలన్నీ పూర్తిగా కడిగెయ్యాలి, మురికి ఉన్నచోట బ్లీచింగ్ పనిచెయ్యదు, పైగా ఉచ్చతో కలిస్తే ఘాటు వాయువు వస్తుంది. తరవాత ఐదు శాతం ద్రవ బ్లీచింగ్ లీటరు నీటికి 30 మిల్లీలీటర్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పొయ్యాలి. పంచాయతీ వాళ్ళు చల్లే పౌడరే ఉంటే లీటరుకి ఐదారు గ్రాములు కలిపి, మట్టి అడుగున పేరుకున్నాక పైన తేటనీరు వాడండి. గాలి తగిలిన పౌడరు మన తేమకి బలం పోగొట్టుకుంటుంది, కలిపినప్పుడు ఘాటు రాకపోతే అది పనికిరానిది. పది నిమిషాల తరవాత మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే పిల్లుల్ని వదలాలి. బాత్‌రూము యాసిడ్‌తో మాత్రం ఎన్నటికీ కలపకండి, క్లోరిన్ వాయువు మనిషికే ప్రాణాంతకం.

గదిలో ఉండకూడనివి ఇంకొన్ని: కర్పూరం, కలరా ఉండలు, చీమలకి గీసే సుద్దముక్క, కుక్కల గోమారి మందులు (పెర్మెత్రిన్ ఉన్నవి), దోమల చుట్ట. చీమలకి మందు అక్కర్లేదు, అన్నం గిన్నెని నీళ్ళు పోసిన వెడల్పు పళ్ళెంలో పెట్టండి. దోమలకి జాలీ చాలు. జ్వరం ఉందని పారాసిటమాల్ ముక్క పెడితే పిల్లి బతకదు. కిటికీ గూట్లో గన్నేరు, మనీ ప్లాంటు కుండీలు ఉంటే తీసెయ్యండి.

కొత్తగా వచ్చిన పిల్లిని పాతవాటితో పద్నాలుగు రోజులు కలపకండి. గదికి విడిగా చెప్పులు, పాత చొక్కా ఒకటి కొక్కేనికి. పని చేసే వరస: ముందు కూనలు, తరవాత ఆరోగ్యంగా ఉన్న పెద్దవి, చివర జబ్బువి. వెనక్కి తిరగకూడదు. కూనలకి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోటి చొప్పున పదహారో వారం దాకా. పన్నెండు వారాలు నిండాక రేబిస్ టీకా. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినానికి ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ తేదీ గుర్తుంచుకోండి.

#16 · గంపకిందకూన
ఆట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

మొదట దాక్కునే చోటు. భయపడే పిల్లి ఆడదు. వెదురు కోళ్ళ గంప బోర్లించి, ఒక పక్క ఏడంగుళాల వాకిలి కోసి, కోసిన వెదురు కొసలకి గుడ్డ పట్టీ చుట్టి కుట్టండి, ఈనెలు కళ్ళలో గుచ్చుకోకుండా. పైన చీర ముక్క కప్పితే చీకటి, తీస్తే గాలి. రెండో వాకిలి ఎదురుగా తప్పకుండా ఉండాలి. ఒకే దారి ఉన్న గూటిలోకి ఇంకో పిల్లి మూతి పెడితే లోపలిది ఇరుక్కుని తిరగబడుతుంది. అట్టపెట్టెకీ ఇదే లెక్క.

తిండితో ఆట: అర కొబ్బరి చిప్పలు ఆరు, అంచులు గరుకు కాగితంతో రుద్ది, పళ్ళెంలో బోర్లించి కింద నాలుగేసి పొడి మేత గింజలు. మూడో రోజుకి పాదంతో తిరగెయ్యడం నేర్చుకుంటాయి. అప్పుడు రెండింటి కింద పెట్టి నాలుగు ఖాళీగా వదలండి. ఎండిన తాటి టెంక, పీచు పూర్తిగా గీకినది, దొర్లించడానికి బంతి కన్నా బాగుంటుంది, వంకరగా పోతుంది కాబట్టి వెంటపడతాయి.

కర్ర చివర గుడ్డ కట్టి ఆడించేది రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు చొప్పున, అన్నానికి ముందు. అయిపోగానే గది బయట పెట్టెయ్యాలి. దారం మింగితే పేగులు ముడిపడి ఆపరేషను దాకా పోతుంది. జనపనార, రబ్బరు బ్యాండు, పూలదండ దారం, చీర జరీ పోగులు అన్నీ ఆ లెక్కే. అందుకే పరుపు కోసం వేసే చీర ముక్కలకి నాలుగు అంచులూ మడిచి కుట్టండి.

కిటికీ దగ్గర ఒక అర తప్పకుండా ఉండాలి. బయట మెష్‌కి ఐదడుగుల దూరంలో, పిట్టలకి కట్టే వరి కంకుల కుచ్చు ఒకటి వేలాడదియ్యండి. పిచ్చుకలకి తిండి, పిల్లులకి పొద్దస్తమానం చూసుకునే వినోదం. దగ్గరగా కడితే మాత్రం పిల్లి మెష్ మీదికి దూకుతూనే ఉంటుంది.

కుప్పింటాకు గట్టున మొలుస్తుంది కదా, దాని వేరు వాసనకి పెద్ద పిల్లులు పొర్లాడతాయి. పీకి, మట్టి కడిగి, ఒక్క వేరు నేలకి రాయండి, ఆకులు పెట్టకండి. పావుగంట తరవాత తీసెయ్యండి. కూనలకీ చూలు పిల్లికీ వద్దు.

#17 · బొచ్చెచేప
తిండి గురించి రెండే ముక్కలు. భీమవరం చెరువు చేప పచ్చిది పెట్టకండి: బొచ్చె, శీలావతి జాతుల పచ్చి మాంసంలో థయమిన్ విటమిన్‌ని చెరిపేసే ఎంజైము ఉంటుంది, రోజూ తింటే పిల్లి తూలిపోతుంది. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. ముళ్ళు తీసి, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా పెట్టండి, అదీ పిల్లుల కోసం అమ్మే మేతకి తోడుగానే. ఎండుచేపలో ఉప్పు మరీ ఎక్కువ. తడి తిండి మన ఉక్కకి అరగంట దాటి ఉంచొద్దు. పొడి మేత స్టీలు డబ్బాలో, బూజు వాసన వస్తే పారెయ్యండి.

#18 · పాలకొల్లు_మేడగది
పైన ఎండ సూటిగా పడే స్లాబు కదండీ. మేలో కరెంటు పోతే?

#19 · ఉప్పుగాలి
స్లాబు మీద సున్నం రెండు కోట్లు, మార్చి నెలాఖరుకి వేసెయ్యండి. బాత్‌రూములో చిన్న ఎగ్జాస్టు ఫ్యాను, దానికి లోపలివైపు మెష్. ఇన్వర్టరు ఉంటే ఈ గది గోడ ఫ్యాను దానికి కలపండి. మధ్యాహ్నం తూర్పు కిటికీకి తడిపిన గోనె కట్టడం పొడి గాలి ఉన్నరోజు పనిచేస్తుంది, ఉక్కపోతలో గది ఇంకా ముద్దవుతుంది, అప్పుడు కట్టకండి. బాత్‌రూము టైలు నేల తెరిచి ఉంచితే చాలు, అవే వెళ్ళి పడుకుంటాయి. పిల్లి నోరు తెరిచి వగరుస్తోందంటే ప్రమాదం, పాదాలూ చెవులూ తడిపి డాక్టరు దగ్గరికి.

తల్లి లేని కూనల సంగతి తలకిందులు. మొదటి వారం పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీలు కావాలి. వానాకాలం రాత్రి, ఫ్యాను గాలి తగిలితే చల్లబడిపోతాయి. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టెలో సగానికే పెట్టండి, వేడెక్కితే పక్కకి పాకడానికి మిగతా సగం ఉండాలి.

#20 · లంకగట్టు
పాలకొల్లు మేడ మీద గది కాబట్టి నీళ్ళ భయం లేదు, కానీ లంకల్లోంచి పిల్లులు మీ దగ్గరికి వచ్చేది వరదప్పుడే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకల్లో ఫోస్టరు చేసేవాళ్ళు మొదటి హెచ్చరికకే పిల్లుల్ని దాటించెయ్యాలి. కనకాయలంక కాజ్‌వే మునిగాక పడవే దిక్కు, పడవలో పిల్లిని చేతుల్లో పట్టుకోలేం. గోనెసంచిలో వేసి మూతి కట్టడం చూస్తుంటాం, ఊపిరాడక చనిపోతాయి, అలా ఎవరూ చెయ్యకండి.

కన్నాలున్న కూరగాయల ట్రేలు రెండు ఎదురెదురుగా బోర్లించి ఆరు కేబుల్ టైలతో (ప్లాస్టిక్ బిగింపు పట్టీలతో) బిగిస్తే ఒక పిల్లికి గట్టి పెట్టె. పిల్లికొకటి, తల్లికీ కూనలకీ కలిపి ఒకటి. అడుగున చీర ముక్క, పైన కప్పడానికి ఇంకో ముక్క. మూడు రోజుల మేత, ఐదు లీటర్ల నీళ్ళు, చిన్న ట్రే, టీకా కార్డులు ప్లాస్టిక్ సంచిలో. ఆ పెట్టెల్ని గదిలోనే ఎప్పుడూ తెరిచి పెట్టి అందులో అన్నం పెడుతూ ఉంటే, అవసరం వచ్చినరోజు తరమక్కర్లేకుండా అవే ఎక్కుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్లకి మీకూ ఇదే పద్ధతి. గాలి మొదలవ్వకముందే కిటికీ రెక్కలు మూసి, వేలాడేవన్నీ దింపెయ్యండి.

#21 · పాలకొల్లు_మేడగది
ముందు నేల, గోడలు, తరవాత మెష్, రెండో తలుపు, ఫ్యాను, ఆ తరవాత అరలు. గంపా తాడూ చివర్న. ఈ వరస సరేనా అండీ? అన్నీ అయ్యాక మొదటి పిల్లిని తెచ్చే ముందు ఇంకేమైనా చూడాలా?

#22 · సరుగుడుకర్ర
వరస సరిగ్గా ఉందండి. పెయింటు వాసన పూర్తిగా పోవడానికి పది రోజులు వదలండి.

తరవాత అమావాస్య దగ్గర్లో ఒక రాత్రి గదిలో పెద్ద లైటు వేసి, తలుపులూ కిటికీ రెక్కలూ తీసి మెష్ మాత్రమే ఉంచి, బయటినుంచి చుట్టూ తిరిగి చూడండి. మెష్ గళ్ళలోంచి కాకుండా గోడకీ ఫ్రేముకీ మధ్యనుంచి వెలుగు గీత కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టు. స్లాబు కింద వైరు దూరిన కన్నాలూ చూడండి. లోపల మోకాళ్ళ మీద కూర్చుని నేలకి అడుగు ఎత్తులో ఒకసారి చుట్టూ పాకి, చెయ్యి పట్టే ప్రతి సందులోకీ చెయ్యి పెట్టండి. బాత్‌రూము బేసిన్ వెనక, తలుపు చట్రం అడుగున, పైపు గోడలోకి దూరే చోట. మూడు వేళ్ళు దూరితే సిమెంటు పెట్టండి, రెండు వేళ్ళయితే సిలికాన్ చాలు. ఆ మర్నాడు పిల్లిని తెచ్చుకోవచ్చు. మొదటి రెండు రోజులూ గది మొత్తం వదలకుండా బాత్‌రూము వైపు మూలన గంపా, ట్రే, నీళ్ళూ పెట్టి, జాలీ ఫ్రేము అడ్డం నిలబెట్టండి. దాని అన్నం అది తినడం మొదలెట్టాక తీసెయ్యండి.